పేపర్‌కు ఆమోదం వచ్చాక మొదలయ్యే లెక్క: కంప్యూటింగ్ సదస్సులకు పరిశోధక విద్యార్థులను పంపే సొమ్ము తీరు

మిగతా శాస్త్రాల్లో సదస్సుకు ఉన్న అర్థం వేరు, కంప్యూటర్ శాస్త్రంలో ఉన్న అర్థం వేరు. భౌతికశాస్త్రంలోనో జీవశాస్త్రంలోనో ఒక ఫలితం తేలితే అది జర్నల్‌కు వెళుతుంది. సదస్సులో దాని సంగ్రహం చదివినా చదవకపోయినా పరిశోధకుడి లెక్కలో పెద్ద తేడా రాదు. కంప్యూటింగ్‌లో పూర్తి నిడివి పరిశోధన పేపర్‌ను సదస్సుకే పంపుతారు, ముగ్గురు నలుగురు సమీక్షకులు దాన్ని చదివి తూకం వేస్తారు, ఎంపికైతే ఆ సదస్సు సంపుటంలోనే అది శాశ్వతంగా నిలిచిపోతుంది. ఏ సమస్యలు కంప్యూటర్‌కు ఎంత కష్టమో తూచే ఎన్‌పీ-సంపూర్ణత భావనకు పునాది వేసిన స్టీఫెన్ కుక్ పేపర్ 1971లో ఒహాయో రాష్ట్రంలో జరిగిన, కంప్యూటింగ్ సిద్ధాంత రంగపు స్టాక్ సదస్సులో వెలువడింది. నేటి పెద్ద భాషా నమూనాలకు ఆధారమైన ట్రాన్స్‌ఫార్మర్ నిర్మాణం గురించిన పేపర్ కూడా 2017లో లాంగ్‌బీచ్‌లో జరిగిన, అప్పట్లో నిప్స్ అని, ఇప్పుడు న్యూరిప్స్ అని పిలిచే కృత్రిమ మేధ సదస్సు సంపుటంలోదే. ఈ పద్ధతి మిగతా శాఖలవారికి అర్థం కాక పదోన్నతుల్లో ఇబ్బంది వస్తోందని, డేవిడ్ ప్యాటర్సన్, లారెన్స్ స్నైడర్, జెఫ్రీ ఉల్మన్ 1999లో అమెరికాలోని కంప్యూటింగ్ రీసెర్చ్ అసోసియేషన్ తరఫున ఒక పత్రం రాసి, ఈ రంగంలో సదస్సు ప్రచురణకున్న విలువను విశ్వవిద్యాలయాలకు వివరించవలసి వచ్చింది.

దీన్నిబట్టి చూస్తే విద్యార్థి సదస్సుకు వెళ్లడాన్ని విహారంగానో బహుమతిగానో చూడడం పొరపాటని తెలుస్తుంది. ఆమోదం పొందిన ప్రతి పేపర్‌కూ కనీసం ఒక రచయిత రుసుము కట్టి నమోదు కావాలని, ఆ పేపర్‌ను ఎవరో ఒకరు సమర్పించాలని దాదాపు అన్ని సదస్సులూ నియమం పెడతాయి. కొన్నిచోట్ల పేపర్ తరఫున కట్టే రుసుము విద్యార్థి ధరలో ఉంటే చెల్లదు, పూర్తి ధర కట్టాల్సిందే. అంటే రసాయనశాస్త్ర విద్యార్థికి రసాయనాలు ఎలాగో, కంప్యూటింగ్ విద్యార్థికి విమాన టికెట్టూ రిజిస్ట్రేషనూ అలాగే పరిశోధన ఖర్చులో భాగం. ప్రయోగశాలకు ఆమ్లం సీసా కొనుక్కురమ్మని విద్యార్థిని ఎవరూ సొంత డబ్బు అడగరు. సదస్సు విషయంలో మాత్రం ఆ అడగడం ఎంతో సహజమైనట్టు జరిగిపోతుంది.

భారతదేశంలో ఆ అడగడం ఎంత భారమో కొన్ని అంకెలు చెబుతాయి. 2023 జనవరి నుంచి వర్తించిన పెంపు తర్వాత జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ నెలకు 37,000 రూపాయలు, సీనియర్ ఫెలోషిప్ 42,000. గేట్ ద్వారా ఎంటెక్‌లో చేరినవారికి వచ్చేది నెలకు 12,400. నెట్ ఫెలోషిప్ లేకుండా కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో పీహెచ్‌డీ చేసేవారికి యూజీసీ ఇచ్చేది 8,000. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ఆ మాత్రం కూడా లేక, ఏదో ఒక ప్రైవేటు కళాశాలలో పాఠాలు చెప్పుకుంటూ పరిశోధన సాగించేవారు ఉన్నారు. హైదరాబాద్ నుంచి అమెరికాకో ఐరోపాకో వెళ్లి నాలుగైదు రోజులు ఉండి రావడానికి విమాన ఛార్జీ, రిజిస్ట్రేషన్, వీసా, బస, భోజనం కలిపి రెండు నుంచి మూడు లక్షల రూపాయలు అవుతుందనుకుంటే, జూనియర్ ఫెలోకు అది ఐదు నుంచి ఎనిమిది నెలల రాబడి. నెలకు 8,000 అందుకునే విద్యార్థికి రెండేళ్లకు పైబడిన రాబడి. 2018లో మొదలైన ప్రధానమంత్రి పరిశోధన ఫెలోషిప్‌లో నెలకు 70,000 నుంచి 80,000 రూపాయల వరకు, దానిమీద ఏటా రెండు లక్షల పరిశోధన గ్రాంటు ఇస్తారు కాబట్టి ఆ కొద్దిమందికి ఏడాదికొక ప్రయాణం అందుబాటులో ఉంటుంది. ఒకే సదస్సులో, ఒకే స్థాయి పేపర్‌తో నిలబడిన ఇద్దరు భారతీయ విద్యార్థుల మధ్య ఇంత దూరం ఉంది.

సాయం చేసే మార్గాలు లేవని కాదు. కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్బ్ నడిపిన అంతర్జాతీయ ప్రయాణ సహాయ పథకం విదేశీ సదస్సుల్లో పేపర్ సమర్పించేవారికి దగ్గరి దారిలో ఎకానమీ తరగతి విమాన ఛార్జీ, వీసా రుసుము, యువ పరిశోధకులకు రిజిస్ట్రేషన్ రుసుము ఇస్తూ వచ్చింది. 2023 నాటి చట్టంతో సెర్బ్ స్థానాన్ని అనుసంధాన్ జాతీయ పరిశోధన ప్రతిష్ఠాన్ తీసుకుంది. అంతర్జాతీయ కంప్యూటింగ్ సంఘమైన ఏసీఎం భారత విభాగం, భారత కంప్యూటింగ్ శాస్త్ర పరిశోధన సంఘమైన ఐఆర్క్స్ కలిసి ప్రసిద్ధ సదస్సులకు వెళ్లేవారికి ట్రావెల్ గ్రాంట్లు ఇస్తున్నాయి. మైక్రోసాఫ్ట్ రీసెర్చ్, గూగుల్ వంటి సంస్థల సొమ్ము కూడా ఈ రంగంలోకి వచ్చింది. ఇవికాక అంతర్జాతీయ సంఘాల సొంత నిధులున్నాయి. ప్రోగ్రామింగ్ భాషల పరిశోధకుల సంఘం సిగ్‌ప్లాన్‌కు విద్యార్థుల ప్రయాణాలకే ఒక కమిటీ ఉంది. మానవ-కంప్యూటర్ సంబంధాల సంఘం సిగ్‌కై ఇచ్చే ప్రయాణ సహాయానికి, కేప్‌టౌన్ విశ్వవిద్యాలయంలో పనిచేసి 2013లో మరణించిన గ్యారీ మార్స్‌డెన్ పేరు పెట్టారు. సదస్సులో దాదాపు 20 గంటలు స్వచ్ఛంద సేవ చేస్తే రిజిస్ట్రేషన్ రుసుము మాఫీ చేసే ఏర్పాటు సిగ్‌కై సదస్సుల్లో ఎప్పటినుంచో ఉంది. విద్యార్థికి అది చిన్న సాయమేమీ కాదు.

ఇన్ని మార్గాలుండీ ఆమోదం వచ్చిన పేపర్‌ను సమర్పించడానికి సహరచయితనో, విదేశంలో ఉన్న సీనియర్‌నో పంపవలసిన పరిస్థితి ఎందుకు వస్తోందన్నదే అసలు ప్రశ్న. మొత్తం చాలకపోవడం ఒక కారణం. అంతకన్నా బలమైన కారణం సొమ్ము చేతికందే సమయమని చెప్పవలసి ఉంటుంది.

ఒక మామూలు సదస్సు తిథుల వరుస చూస్తే విషయం తేటపడుతుంది. పేపర్ ఆమోదం పొందిందన్న కబురు సదస్సుకు రెండు మూడు నెలల ముందు వస్తుంది. రెండు మూడు వారాల్లో తుది ప్రతి పంపాలి, దానితోపాటే రచయిత రిజిస్ట్రేషన్ కట్టాలి. తక్కువ ధరకు రిజిస్ట్రేషన్ ఇచ్చే గడువు ఆ వెనకే ముగుస్తుంది. వీసాకు ఆహ్వాన పత్రం కావాలి, చాలా సదస్సుల్లో రిజిస్ట్రేషన్ అయ్యాకే ఆ పత్రం ఇస్తారు. వీసా దరఖాస్తుకు బస వివరాలు, ఖర్చు ఎవరు భరిస్తారన్న ఆధారం కావాలి. విమాన ఛార్జీ ఈలోగా రోజురోజుకూ పెరుగుతూ ఉంటుంది. ట్రావెల్ గ్రాంట్ దరఖాస్తుకు ఆమోద పత్రం జతచేయాలి కాబట్టి ఆ దరఖాస్తు ఆమోదం తర్వాతే మొదలవుతుంది. కమిటీ కూర్చుని నిర్ణయం చెప్పేసరికి పైన చెప్పిన గడువుల్లో చాలావరకు దాటిపోయి ఉంటాయి. అంటే డబ్బు వస్తుందో రాదో తెలియని దశలోనే విద్యార్థి డబ్బంతా పెట్టేసి ఉండాలి.

ఆ తర్వాత మంజూరైనా సొమ్ము వెంటనే రాదు. ప్రయాణం ముగించుకొని వచ్చాక బోర్డింగ్ పాసులు, రసీదులు, సదస్సు ధ్రువపత్రం, వినియోగ ధ్రువపత్రం అన్నీ జతచేసి బిల్లు పెడితే, అది గుమాస్తా బల్లమీది నుంచి లెక్కల విభాగానికి, అక్కడినుంచి సంతకాలకు వెళ్లి, కొన్ని వారాలకో కొన్ని నెలలకో బ్యాంకు ఖాతాలో పడుతుంది. రీయింబర్స్‌మెంట్ అనే ఆంగ్ల పదం అర్థం తెలుగు ఇళ్లలో ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిల వల్ల సర్టిఫికెట్లు కళాశాలలో నిలిచిపోయిన కథలు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. ట్రావెల్ గ్రాంట్‌లో ఆ ఎదురుచూపు ఇంకాస్త కఠినం, ఎందుకంటే ఇక్కడ మధ్యలో కళాశాల ఉండదు, అప్పు నేరుగా విద్యార్థి పేరు మీదే ఉంటుంది. మిత్రుల దగ్గర చేబదులు, క్రెడిట్ కార్డు ఉన్న సీనియర్ సాయం, ఇంట్లో దాచిన సొమ్ము, కొన్నిసార్లు తల్లి మెడలోని బంగారం మీద తెచ్చిన అప్పు. ఈ ఆసరాలేవీ లేనివారు దరఖాస్తు దాకా రారు. కాబట్టి గ్రాంట్ పొందినవారి జాబితాలో వారి పేరు ఉండదు, తిరస్కరణకు గురైనవారి జాబితాలోనూ ఉండదు. పేదరికాన్ని ఉద్దేశించి పెట్టిన సాయం, మూడు లక్షలు మూడు నెలలపాటు సర్దుకోగలిగిన వారికి మాత్రమే అందేలా తయారవడం ఈ ఏర్పాటులోని అన్నిటికన్నా పెద్ద లోపం.

నిబంధనలు దీనికి మరికొంత బరువు కలుపుతాయి. ప్రభుత్వ సొమ్ముతో కొనే విమాన టికెట్లు చాలాకాలం ఎయిర్ ఇండియాలోనే ఉండాల్సి వచ్చేది. ఆ సంస్థ 2022 జనవరిలో ప్రైవేటు చేతికి వెళ్లిన సమయంలో ఆ షరతు పోయి, బామర్ లారీ, అశోక్ ట్రావెల్స్, ఐఆర్‌సీటీసీ అనే మూడు సంస్థల ద్వారానే టికెట్ కొనాలన్న నియమం మిగిలింది. తొందరలో చవగ్గా దొరికిందని ఇంకెక్కడో కొన్న విద్యార్థి బిల్లు వెనక్కి వచ్చే ప్రమాదం ఉంది. అమెరికాలోనూ ఇలాంటిదే ఒక చట్టం ఉంది: ఫెడరల్ ప్రభుత్వ సొమ్ముతో ప్రయాణించేవారు వీలైనంతవరకు ఆ దేశపు విమాన సంస్థల్లోనే వెళ్లాలి. ప్రజాధనానికి లెక్క ఉండాలనడం న్యాయమే. ఆ లెక్క తెలియక జరిగిన పొరపాటుకు మూల్యం మొదటిసారి విమానం ఎక్కిన 24 ఏళ్ల వ్యక్తి చెల్లించడం న్యాయం కాదు.

ఇక సాయం ముక్కలు ముక్కలుగా రావడం మరో చిక్కు. ఏసీఎం మహిళా విభాగం ఇచ్చే ఉపకారవేతనం ఖండాంతర ప్రయాణానికి 1,200 డాలర్లు, సొంత ఖండంలోనైతే 600 డాలర్లు. ఈ సాయంలో మెచ్చుకోదగ్గ అంశం, విద్యార్థిని పేపర్ సమర్పించాలన్న షరతు లేకపోవడం. అయితే 1,200 డాలర్లు విమాన ఛార్జీకి సరిపోవచ్చు, మిగతావాటికి మరో తలుపు తట్టాలి. ఆ రెండో సంస్థ మీకు ఇంకెక్కడినుంచైనా సాయం అందుతోందా అని అడుగుతుంది. మొదటి జవాబు వచ్చేదాకా ఈ ప్రశ్నకు జవాబు లేదు. ముగ్గురు దాతలు ఒకరి నిర్ణయం కోసం ఒకరు ఎదురుచూస్తుండగా వీసా అపాయింట్‌మెంట్ తేదీ దాటిపోతుంది.

వీసా గురించి విడిగా చెప్పక తప్పదు. 2022 చివరిలో భారతీయ నగరాల్లోని అమెరికా కాన్సులేట్లలో సందర్శక వీసా ఇంటర్వ్యూ కోసం వందల రోజులు ఆగాల్సి వచ్చింది. రెండు నెలల ముందు ఆమోదం పొందిన పేపర్‌కు ఆ వరుసలో చోటే లేదు. అమెరికా సందర్శక వీసా రుసుము 2023లో 185 డాలర్లకు, ఐరోపాలోని చాలా దేశాలకు చెల్లే షెంజెన్ వీసా రుసుము 2024లో 90 యూరోలకు పెరిగాయి, వీసా ఇవ్వకపోయినా ఆ రుసుము తిరిగి రాదు. ఈ సమస్య భారతీయులది మాత్రమే కాదు. 2018లో మాంట్రియల్‌లో న్యూరిప్స్ జరిగినప్పుడు, దానితోపాటు నిర్వహించిన, కృత్రిమ మేధ రంగంలోని నల్లజాతి పరిశోధకుల బ్లాక్ ఇన్ ఏఐ సమావేశానికి రావలసిన ఆఫ్రికా పరిశోధకుల్లో ఎంతోమందికి కెనడా వీసా అందలేదు. ప్రయాణ సాయం చేతిలో ఉండీ వారు రాలేకపోయారు. మెషీన్ లెర్నింగ్ రంగపు ఐక్లియర్ సదస్సును 2020లో ఇథియోపియా రాజధాని అడిస్ అబాబాలో జరపాలనుకుని కోవిడ్ వల్ల ఆన్‌లైన్‌కు మార్చారు, 2023లో రువాండా రాజధాని కిగాలీలో నిజంగానే జరిపారు. విద్యార్థిని సదస్సు దగ్గరికి పంపడం కుదరనప్పుడు సదస్సునే విద్యార్థి దగ్గరికి తేవచ్చని ఆ నిర్ణయం చూపించింది.

అమెరికాలో చదువుతున్న తెలుగు విద్యార్థుల పరిస్థితి ఇంకొక రకం. అక్కడ గైడ్ ప్రాజెక్టు సొమ్ములోనే ప్రయాణానికి ఒక పద్దు ఉంటుంది. నేషనల్ సైన్స్ ఫౌండేషన్ సదస్సులకు ఇచ్చే ప్రయాణ గ్రాంట్లు అమెరికా విద్యాసంస్థల్లో చదివే విద్యార్థులకు వెళతాయి, వాటికి సాధారణంగా పౌరసత్వం అడ్డు రాదు. వరంగల్‌లో కలిసి బీటెక్ చదివిన ఇద్దరిలో ఒకరు టెక్సస్‌కు, ఒకరు హైదరాబాద్‌కు పీహెచ్‌డీకి వెళ్లారనుకుంటే, మొదటివారికి ఆమోదం వచ్చిన రోజే ప్రయాణం ఖాయమవుతుంది. ఐతే సదస్సు ఐరోపాలోనో ఆసియాలోనో జరిగితే వారికీ గండమే: పాస్‌పోర్టులో వీసా ముద్ర గడువు తీరిపోయి ఉంటే బయటికి వెళ్లాక తిరిగి రావడానికి మళ్లీ ముద్ర వేయించుకోవాలి. కెనడా, మెక్సికోలకు 30 రోజుల లోపు వెళ్లి వచ్చేవారికి మాత్రం కొంత వెసులుబాటు ఉంది. డబ్బుండీ ఆ భయంతో ఆగిపోయేవారు తక్కువేమీ కాదు.

ఎవరికి సాయం చేయాలన్న ప్రశ్నలో కమిటీలు సహజంగానే పేపర్ ఉన్నవారి వైపు మొగ్గుతాయి. ఆమోద పత్రం చూస్తే చాలు, వేరే పరీక్ష అక్కర్లేదు, ఎవరూ వేలెత్తి చూపరు. కానీ నలుగురైదుగురు పరిశోధకులు కూడా లేని విభాగంలో మొదటి సంవత్సరం పీహెచ్‌డీ చేస్తున్న విద్యార్థికి సదస్సు ఇచ్చే లాభం, మూడో పేపర్ సమర్పించడానికి వెళ్లే విద్యార్థికి ఇచ్చేదాని కన్నా ఎక్కువ. ఏ సమస్య మీద ఇప్పటికే పదిమంది పనిచేస్తున్నారు, ఏది అందరూ వదిలేశారు, ఫలానా ఫలితంలో రాయని ఇబ్బంది ఏమిటి అన్న సంగతులు పేపర్లలో దొరకవు, టీ విరామంలో వరండాలో దొరుకుతాయి. రెండేళ్లు తప్పుదారిలో నడవకుండా ఆ పది నిమిషాల మాట ఆపగలదు. ఈ విషయాన్ని గుర్తించి సిగ్‌ప్లాన్ వర్గం 2012లో ఫిలడెల్ఫియాలో జరిగిన, ప్రోగ్రామింగ్ భాషల రంగపు పాపుల్ సదస్సుతోపాటు ఒక మార్గదర్శన కార్యశాల మొదలుపెట్టింది. పేపర్ లేని కొత్త విద్యార్థులను ఎంపిక చేసి, ప్రయాణ సాయం ఇచ్చి, ఒక రోజు పెద్దల చేత మాట్లాడించి, ఆపైన ప్రధాన సదస్సులో కూర్చోబెట్టడం దాని పద్ధతి. 2015లో పాపుల్ ముంబైలో జరిగినప్పుడు ఆ కార్యశాల కూడా వచ్చింది. అదే సంఘపు ప్రయాణ కమిటీ పసిపిల్లలున్న తల్లిదండ్రులకు సదస్సు రోజుల్లో పిల్లల సంరక్షణ ఖర్చు, శారీరక వైకల్యం ఉన్నవారికి తోడుగా వచ్చేవారి ఛార్జీ కూడా ఇస్తుంది. భారతీయ పథకాల్లో ఈ రెండు పద్దులకూ చోటు కల్పించవలసిన అవసరం ఉంది. పెళ్లయి, బిడ్డ పుట్టాక పీహెచ్‌డీ కొనసాగిస్తున్న మహిళలు మన విశ్వవిద్యాలయాల్లో తక్కువేమీ కాదు.

కోవిడ్ కాలంలో సదస్సులన్నీ తెరమీదికి వచ్చినప్పుడు ఈ ఖర్చులన్నీ ఒక్కసారిగా మాయమయ్యాయి, ఉపన్యాసాలు చౌకగా అందాయి. వరండా మాటలు మాత్రం అందలేదు. పేపర్ సమర్పణకు ఆన్‌లైన్ వీలు ఉంచడం వీసా రానివారికి తప్పనిసరి ఆసరా. ప్రయాణ సాయానికి అది బదులు కాజాలదు.

సదస్సు ఊళ్లోకే వస్తే లెక్క ఎలా మారుతుందో హైదరాబాద్‌కు బాగా తెలుసు. కృత్రిమ మేధ రంగపు ఐజేసీఏఐ 2007లో, వరల్డ్ వైడ్ వెబ్ సదస్సు 2011లో, సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ రంగపు ఐసీఎస్ఈ 2014లో, వాక్కు పరిశోధకుల ఇంటర్‌స్పీచ్ 2018లో, సంకేత విశ్లేషణ రంగపు ఐకాస్ 2025లో ఇక్కడే జరిగాయి. తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన 2014 జూన్ 2న ఐసీఎస్ఈకి వచ్చిన విదేశీ పరిశోధకులు ఈ నగరంలోనే ఉన్నారు. ఇలాంటి సందర్భంలో విశాఖపట్నం, తిరుపతి, వరంగల్ విద్యార్థులకు ప్రయాణ ఖర్చు రైలు టికెట్టుకు దిగుతుంది, వీసా ప్రసక్తే ఉండదు. అప్పుడు మిగిలే పెద్ద అడ్డంకి అంతర్జాతీయ స్థాయి రిజిస్ట్రేషన్ రుసుము. ఆతిథ్యమిచ్చే నగరం చుట్టుపక్కల విశ్వవిద్యాలయాల విద్యార్థులకు కొన్ని వందల రాయితీ సీట్లు కేటాయించమని నిర్వాహకులను ముందే అడిగితే, ఒక్క విదేశీ ప్రయాణానికయ్యే సొమ్ముతో ఎంతోమంది ఒక మంచి సదస్సును కళ్లారా చూడగలరు.

విదేశీ ప్రయాణాల విషయంలో మాత్రం ముందస్తు సొమ్ము ఏర్పాటు లేనిదే పని జరగదు. దానికి నమూనా కోసం దూరం పోనక్కర్లేదు. డ్వాక్రా రోజుల నుంచి తెలుగు పల్లెల్లో మహిళా సంఘాలకు రివాల్వింగ్ ఫండ్ అంటే ఏమిటో తెలుసు: సంఘం దగ్గర కొంత మూలధనం ఉంటుంది, అవసరమైన సభ్యురాలు తీసుకుంటుంది, తిరిగి కడుతుంది, అదే సొమ్ము ఇంకొకరికి వెళుతుంది. ఒక విశ్వవిద్యాలయ కంప్యూటర్ శాస్త్ర విభాగం నుంచి ఏటా పదిమంది విదేశీ సదస్సులకు వెళతారని, ఒక్కొక్కరికి రెండున్నర లక్షలు అవుతుందని అనుకుంటే మొత్తం ఖర్చు 25 లక్షలు. అంత సొమ్ము విభాగం దగ్గర ఉండనక్కర్లేదు. పదిమందీ ఒకేసారి వెళ్లరు కాబట్టి, దాతల నుంచి బిల్లులు నాలుగు నెలల్లో వస్తాయనుకుంటే, పది లక్షల మూలధనం ఏడాదిలో మూడు విడతలు తిరుగుతుంది. ఆమోద పత్రం చూపిన రోజునే విభాగం నేరుగా రిజిస్ట్రేషన్ కట్టి, నియమాల ప్రకారం టికెట్ కొనిపెడుతుంది. గ్రాంట్ మంజూరయ్యాక ఆ సొమ్ము విద్యార్థి ఖాతాకు వెళ్లకుండా విభాగం ఖాతాలోకి చేరుతుంది. టికెట్ నియమాలు తెలిసిన గుమాస్తా కొంటాడు కాబట్టి బిల్లు వెనక్కి వచ్చే ప్రమాదం తగ్గుతుంది. వీసా అధికారికి చూపడానికి విభాగం రాసిచ్చిన ఖర్చు హామీ పత్రం మొదటి వారంలోనే చేతిలో ఉంటుంది.

ఇందులో తిరిగి రాని సొమ్ము కొంత ఉంటుంది, దాన్ని దాచకుండా లెక్కలో చూపాలి. వీసా తిరస్కరణకు గురైతే రద్దు చేసిన టికెట్‌పై కోత పడుతుంది, రిజిస్ట్రేషన్‌లో కొంత పోతుంది, వీసా రుసుము పూర్తిగా పోతుంది. గ్రాంట్ ఇచ్చేవారు జరగని ప్రయాణానికి సాధారణంగా చెల్లించరు. ఇప్పుడు ఆ నష్టమంతా విద్యార్థి ఒక్కడి మీద పడుతోంది. మూలధనంలో కొంత భాగాన్ని మొదటినుంచే ఈ నష్టం కింద రాసిపెట్టి, ఏటా విశ్వవిద్యాలయం బడ్జెట్‌లోంచి ఆ మేరకు నింపుతూ ఉండాలి.